పడుగు దాటని కుక్క

పెద్దపల్లికి మూడు కోసుల దూరంలో ఒక ఊళ్లో, నేతగాళ్లుండే సాలెవాడ. 1959 ఎండాకాలం, పొద్దు ఇంకా ఎక్కలేదు. బజారు పొడుగునా నడుమెత్తున చాపిన పడుగు పోగులకు కుంచెతో గంజి పెడుతున్నాడు రామచంద్రం. మిషన్ దవాఖానలో పనిచేసే మంత్రసాని సమ్మక్క వచ్చి పడుగుకు ఇవతల నిలబడింది. అవతల గుంజకు ఒక కుక్క కట్టి ఉంది.

"ఆడనే ఆగు సమ్మక్కా. పడుగు తడి మీదున్నది. కొంగు తాకిందంటె పోగులు తెగుతయ్."

"ఆగే ఉన్న. తొమ్మిదొద్దుల కింద ఆగక, కిందికెల్లి దూరినందుకే గదా నీ మోతి నా పిక్క వట్టింది. ఇగ జన్మల పడుగు కింద దూరుత్నా?"

"మల్ల అదే ముచ్చట. పొద్దుపొద్దుగాల."

"పొద్దుగాల గాకపోతె ఎప్పుడు రావాలె రామచంద్రమన్నా? ఇయ్యాల తొమ్మిదో నాడు. డాక్టరమ్మ ఏమన్నది? పదొద్దులు కుక్కను కట్టేసి జూడున్రి, అది మంచిగుంటె నీకు సూదులు అక్కెర లేదు, సచ్చిందంటె మాత్రం ఆ పొద్దే పట్నం రైలెక్కు అన్నది. అందుకే రోజొచ్చి నీ కుక్క మొఖం జూసుడాయె. నా పెనిమిటి పేతురు మొఖం సుత గింత పాబందిగ, పొద్దు తప్పకుంట ఎన్నడు జూడలే."

"జూసినవ్ గదా. అగో, గుంజకే ఉన్నది. తిన్నది, పన్నది. ఇగ పో."

"పొమ్మంటవేంది. జర సేపు జూడనియ్యి. నీళ్లు తాగుతున్నదా? డాక్టరమ్మ ముందుగాల నీళ్ల సంగతే అడుగుతది."

"తాగుతున్నది. నిన్న కుండెడు తాగింది."

"నా ముందట తాపు."

"చేతుల కుంచె ఉన్నది సమ్మక్కా. ఎండ ఎక్కకముందు ఈ కొసకెల్లి ఆ కొసకు గంజి వెట్టకపోతె పడుగు ఖరాబైతది. మగ్గం మీదికి ఎక్కినంక పోగు పోగుకు తెగుతది. నీకు తెల్వంది కాదు."

"అయితె అనసూర్యను పిలువు. ఆమె పోస్తది."

"ఇంట్ల లేదు."

"ఏడికి పోయింది?"

"బాయికి."

"బాలవ్వ?"

"ఆమె సుత. తల్లిబిడ్డలు కలిసే పోయిన్రు."

"నెలలు నిండిన బిడ్డను బాయికి తోలినవా?"

"నేనేం తోల్త. పొద్దుగాల నడిస్తె కాన్పు సుళువైతదని వాళ్లవ్వనే తీస్కపోతున్నది. నువ్వే చెప్పినవట."

"నేనా? మెట్లు దిగద్దని చెప్పిన నేను బాయికి పొమ్మంట్నా? ఇంటెన్క మీకు చేదబాయి ఉండె. మొన్న తల్లిబిడ్డలు కుమ్మరోళ్ల బాయి కాడ కనవడ్డరు. నిన్న కోమటోళ్ల బాయి కాడ. మా పేతురు జూసిండు. మీ బాయి ఎండిందా ఏంది?"

"ఎండలే. ఆడోళ్ల ముచ్చట నాకేమెర్క? అడిగితె నీ పని నువ్వు జూస్కో అంటది."

"పిల్ల చేతికి గుడ్డ సుత కట్టున్నదట."

"కండెలు చుట్టంగ రాట్నం కదురు గీరింది. పసుపు వెట్టి కట్టింది వాళ్లవ్వ. నువ్వు కుక్కను జూడనొచ్చినవా, మా ఇంట్ల పంచాయితి జెయ్యనొచ్చినవా?"

"కుక్కనే జూడనొచ్చిన. కోపం జెయ్యకు. నిద్ర లేక నోరు ఊకుంటలేదు. పండ్లు దిగిన కాడ ఇంకా సలుపుతనే ఉన్నది. నీళ్లు తాగవోతె ముందుగాల చెంబు దిక్కు జూస్తున్న, నాకు భయమైతున్నదా అని. గట్ల జూసి జూసి, అయితున్నట్టే అనిపిస్తున్నది. మా పేతురు పక్కకెల్లి, తాగవే, తాగవే అంటడు. ఆయన అట్లంటె ఇంకింత భయమైతది."

"ఉత్తగ పరేషానైతున్నవ్. నీకేం గాదు. ఆనాడే నేను ఎంటుండి ఏడు బాయిలు చూపియ్యలేదా? కుక్క కరిసినోళ్లు ఏడు బాయిలల్ల తొంగి జూస్తె ఇసం దిగుతది. మా తాతల కాడికెల్లి వస్తున్న మాట."

"చూపిచ్చినవ్. కాదంట్నా? పుట్టినకాడికెల్లి మా వాడోళ్లను ఒరకు రానియ్యని బాయిలు సుత ఆనాడు చూపిచ్చినవ్. ఈమెను కుక్క కరిసింది, జర తొంగి జూసి పోతది అని ఒక్కొక్కల్ని బతిమాలినవ్. కుక్క కరిస్తె గాని నాకు ఆ భాగ్యం రాలే."

"చేసిన సాయం సుత తప్పేనా?"

"సాయమే. గని డాక్టరమ్మకు చెప్తె, బాయిల సంగతి దేవునికెర్క, నాకు మాత్రం కుక్క కావాలె అన్నది. ఇగ మా పేతురైతె పొద్దుమాపు నీ కుక్క కోసం ప్రార్థన. మొన్న ఐతారం గుడిల అయ్యగారు బీమారున్నోళ్ల పేర్లన్ని చదివి, ఆఖరుకు మోతి పేరు సుత చదివిండు. అందరు మోకాళ్ల మీదున్నరు. ముసలోళ్లు, పిల్లలు, అందరు. ప్రభువా, రామచంద్రం కుక్కకు ఆయుస్సియ్యి అని. మా అహరోను తాతకు నవ్వాగలే. నాకు ఏడుపాగలే."

"గీ కొసకు ఇంకింత గంజి వెట్టాలె."

"ఏంది, నువ్వు నవ్వుతవేమో అనుకున్న."

"నవ్వేదేమున్నది అండ్ల."

"ఎప్పుడు ఊకె నవ్వుతవ్. మోతి అంతయ్య తాత ధోతి వట్టి గుంజినప్పుడు అర్గు మీద కూసోని నవ్వినవ్. ఆయన ధోతి చేతుల వట్టుకొని వాడంత ఉరికిండు పాపం, డెబ్బయ్యేండ్ల ముసలోడు. గాజులమ్మే లస్మవ్వ గంప వడి గాజులన్ని పలిగినప్పుడు ఏమన్నవ్? నా మోతికి మనుషుల మంచిచెడ్డలెర్క అన్నవ్. లస్మవ్వల ఏం చెడ్డ జూసింది నీ మోతి?"

"అయిపోయినయన్ని తవ్వుతవేంది?"

"కట్టెయ్యి అన్నోళ్లందర్ని పిరికోళ్లన్నవ్. అప్పుడే జర తాడు కట్టి ఉంటె నేను ఇయ్యాల కుంటుకుంట నీ బజార్ల నిలవడేదాన్ని గాదు."

"కట్టేసిన గదా ఇప్పుడు."

"ఇప్పుడు కడితె ఏమొస్తది? దొంగలు వడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు."

"మోతి పని మోతి చేసింది సమ్మక్కా. పడుగు చాపినంక కావలుండాలని పిల్లప్పటి సంది నేర్పిన. మేకొచ్చినా, బర్రొచ్చినా, మనిషొచ్చినా దాని ముందట పడుగు ముట్టద్దు. ఒక్కనాడు బర్రె తొక్కిందంటె ఇంటిల్లిపాది నెల చాకిరి మన్నైతది. నీది సుత తప్పున్నది. చుట్టు తిరిగి పోవద్దా?"

"చుట్టా? బజారు ఈ మూలకెల్లి ఆ మూల దాంక నీ పడుగేనాయె. ఆనాడు అవుతల రాజం కోడలు కాన్పు గాక వొర్రుతున్నది. అడ్డం తిరిగిన బిడ్డ. నేను చుట్టు తిరిగొచ్చే దాంక ఆగుమని ఆ బిడ్డకు చెప్పాల్నా?"

"అది గాదు..."

"బజారు నీ ఒక్కనిదా? పొద్దుగాల మీ సాలోళ్లు పడుగు చాపుకుంటరు, ఎవ్వలద్దన్నరు? తొవ్వ నడిసేటోళ్లది సుత బజారే. నీ ఇంట్ల నీ కుక్క ఎట్లున్నా నీ ఇష్టం. బజార్ల ఇడిసినవంటె మాత్రం దాని పండ్లు నీ పండ్లే."

"నన్ను కుక్కంటున్నవా?"

"కుక్కనంటలే. దానికేం తెలుసు పాపం, నువ్వు నేర్పింది చేసింది. నేనొక మాట అడుగుత, చెప్పు. ఆనాడు నువ్వు ఈడనే ఉన్నవ్. ఇదే కుంచె వట్టుకొని ఇట్లనే నిలవడ్డవ్. నేను తల వంచి దూరుతుంటె నన్ను జూసినవ్. మోతి లేసుడు జూసినవ్. మోతీ అని ఒక్క అదిలింపు అదిలిస్తె ఆగేది. ఎందుకు అదిలియ్యలే?"

"చేతుల కుంచె ఉండె."

"నోట్లె ఉండెనా కుంచె?"

"సమ్మక్కా..."

"జర బుద్ధి రానియ్యి దీనికి, నా పడుగు కింద దూరుతదా అనుకున్నవ్. నేను నీ కండ్లల్ల జూసిన. మోతి నా పిక్క వట్టి గుంజినంక అప్పుడు ఉరికొచ్చినవ్."

"గంత పని జేస్తదని అనుకోలే. మొరిగి ఇడిసిపెడ్తదనుకున్న. ఒట్టు."

"అగో, ఇప్పుడు నిజం చెప్పినవ్. తొమ్మిదొద్దులకు ఒక్క నిజం."

"తప్పే. నా తప్పే అనుకో. ఈ పడుగు మీద నేసే మొదటి చీర నీకే. ఎర్రంచుది. మనసుల వెట్టుకోకు."

"చీరెందుకు నాకు. నేను బతుకుతనని నీ కుక్క చెప్తె చాలు. నాకు నీ మీద పగ లేదు. పగుంటె మొదటి పొద్దే పట్నం పోదును. మా పేతురు అదే అన్నడు. కుక్క ముచ్చట నమ్మకు, బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు ఏపిచ్చుకొని వద్దాం నడువు అన్నడు. నేనే వద్దన్న. పద్నాలుగొద్దులు నేను లేకపోతె రామచంద్రమన్న బిడ్డ ఏంగావాలె అన్న. పిల్లకు రెండు కాన్పులు పోయినయ్. మూడోదన్న నా చేతులకెల్లి బతికి రావాలె అన్న."

"నీ మేలు మరువ."

"మరువకు. ఇగ, రొట్టె తెచ్చిన దానికి. రాత్రి జొన్న రొట్టె. నన్ను కరిసినదాన్ని నేనే మేపుడాయె. మోతీ, ఇగో. మోతీ."

"పిలువకు దాన్ని."

"ఎందుకు పిలువద్దు? మోతీ. చెవులు వినవడ్తలేవా దీనికి? మూడు మాట్ల పిలిస్తె ఇటు మర్రలే. రొట్టె దిక్కు జూస్తున్నది గని పేరుకు పలుకుతలేదు."

"కట్టేసిన కుక్క. మనాది వట్టుకున్నది."

"మనాది వట్టినది తోక ఊపుతదా? అగో, నన్ను జూసి ఊపుతున్నది. మొదటి మూడొద్దులు నేనొస్తె తాడు తెగుతదా అన్నట్టు ఎగిరె. నాలుగో నాడు కనవడలే, పొలం కాడికి తోల్కపోయిన అన్నవ్. ఐదో నాటికెల్లి పిల్లి లెక్కనే అయింది."

"బుద్ధొచ్చింది."

"గుంజకు కడితె బుద్ధొస్తదా? అట్లయితె మన ఊర్ల శానమందిని కట్టాలె."

"ఇగ పో సమ్మక్కా, నీకు దండం వెడ్త. గంజి ఆరుతున్నది. రేపొక్కసారి జూసి పో, పదొద్దులైతయ్. బాలవ్వకు నొప్పులు లేస్తె కబురు వెడ్త."

"పోత, పోత. రొట్టె ఏసి పోత. దా, దా. తాడు పొడుగే ఉన్నది గదా, పడుగంచు దాంక వస్తది. ఆ అంచుకు వచ్చి ఆగినవంటె ఇసిరేస్త. దా."

"పిలువకన్న గదా. సమ్మక్కా. ఏయ్. ఏయ్, ఆగు. అరె పడుగు, పడుగు కింద దూరుతున్నది, పోగులు, నీ..."

"కొట్టకు. కొట్టకు దాన్ని. వచ్చింది, తింటున్నది. నా చెయ్యి నాకుతున్నది."

"ఈపుకంత గంజి అంటింది. ఎన్ని పోగులు తెగినయో. చెప్తె ఇనవు గదా నువ్వు."

"రామచంద్రమన్నా."

"ఏంది?"

"ఇది పడుగు కింద దూరింది."

"జూసిన. ఆకలికి దూరింది."

"నీ మోతి దూరదు."

"కుక్క, ఎన్నడన్న దూరుతది."

"మోతి దూరదు. నువ్వే చెప్తివి. ఏడేండ్ల సంది వాడంత చెప్పుకుంటివి. పిల్లప్పుడు ఒక్కపారి దూరితె కుంచెతోని కొట్టినవట, మల్ల దూరలేదట. అవుతల బొక్క వడ్డా సరే, బజారు కొస దాంక ఉరికి, చుట్టు తిరిగే వస్తదట. మనుషులకు లేని మర్యాద నా కుక్కకున్నదని ఆనాడు నన్ను సుత ఎక్కిరిచ్చినవ్, నా కాలుకెల్లి రగతం కారంగనే."

"మరి కట్టేసే ఉన్నది గదా ఇన్నొద్దులు. మర్చిపోయింది."

"పేరు మర్చిపోయింది. పడుగు మర్చిపోయింది. నన్ను కరుసుడు మర్చిపోయింది. ఇంత మర్చిపోయిన కుక్క ఏడికెల్లి వచ్చింది రామచంద్రం?"

"అన్నా అంటవ్ గదా ఎప్పుడు."

"ఏడికెల్లి వచ్చింది?"

"మెల్లగ మాట్లాడు. వాడోళ్లు లేస్తరు."

"లేవనియ్యి. ఏడికెల్లి వచ్చింది అంటున్న."

"మా బామ్మర్ది సిద్దిరాములు తానకెల్లి. దాని తోడ పుట్టిందే. ఒక్క ఈతదే."

"మోతి ఏది?"

"సమ్మక్కా, గద్దె మీద కూసో జర."

"ఇప్పుడు కూసోమంటున్నవా? ఇన్నొద్దులు బజార్లనే నిలవెట్టి. కాన్పుకొస్తె లోపటి అర్ర దాంక రమ్మంటరు, కుక్కను జూడనొస్తె గద్దె సుత ఎక్కనియ్యరు. మోతి ఏది?"

"లేదు."

"లేదంటె?"

"సచ్చింది."

"ఎన్నడు?"

"నాలుగో నాడు. రాత్రి తాడు కొరికి ఇంట్లకొచ్చింది. పొద్దుగాల లేసేవరకు మగ్గం గుంటల పడున్నది. ఇంటెన్క జామచెట్టు కాడ బొందవెట్టిన."

"నోట్లకెల్లి నురుగు కారిందా?"

"ఏమో."

"కారిందా?"

"కారింది. గుంట గోడ మన్నంత కొరికి ఉన్నది."

"నీళ్లు?"

"అంతకు ముందటి పొద్దు సంది ముట్టలే."

"ఐదొద్దులు. ఐదొద్దులు రామచంద్రం. ఎవ్వని కుక్కకో రొట్టె తినవెట్టుకుంట, అది తిన్నది, నా పానం నిలవడ్డది అని దండం వెట్టుకుంట ఇంటికి పోయిన. ఐతారం నాడు మా సంఘమంత మోకాళ్లూని, నువ్వు బొందవెట్టిన కుక్కకు ఆయుస్సియ్యుమని అడిగిన్రు. నువ్వు చప్పుడుగాక గంజి వెట్టుకుంట ఉన్నవ్."

"నిన్ను సంపాలని చేసిన్నా? బాలవ్వ కోసం చేసిన."

"బాలవ్వ కోసమా?"

"నువ్వు పట్నం పోతె పద్నాలుగొద్దులు రావు. ఈ నడుమ నొప్పులు లేస్తె? పోయినసారి నువ్వు బెల్లంపల్లిల నీ బిడ్డ తాన ఉంటివి. ఏమైంది? పేగు మెడకు చుట్టుకొని పోయింది. మొగపిల్లగాడు. మంచి జుట్టుండె. ఈ చేతులతోనే తీస్కపోయి బొందవెట్టిన. అంతకు ముందుదాన్ని సుత నేనే. నాకు ఒక్కతే బిడ్డ సమ్మక్కా. ఇగ మూడోది సుత పోతె ఆమె బతుకది. ఆమె లేకపోతె నేను బతుకుత్నా?"

"నేను లేకపోతె మా పేతురు బతుకుతడా?"

"నాలుగైదొద్దులల్ల కాన్పైతది, అయిన ఎంబడే చెప్దామనుకున్న. నేనే దగ్గరుండి రైలెక్కిద్దామనుకున్న. ఏడు బాయిలు జూసినవ్ గదా, ఇసం దిగే ఉంటదని..."

"బాయిలను నమ్మినవా నువ్వు?"

"నమ్మిన."

"నా మొఖం జూసి చెప్పు."

"సగం నమ్మిన. సగం నమ్మకనే నిద్ర వడ్తలేదు."

"నీ సగం నమ్మకానికి నా నిండు పానం వెట్టినవ్."

"తిట్టు. ఎంతన్న తిట్టు. వడ్త."

"తిడితె ఇసం దిగుతదా? ఈ బీమారి మనిషికొస్తె ఎట్లుంటదో నువ్వు జూడలే. నేను జూసిన. పోయినేడు మా దవాఖానకు ఒకన్ని మంచానికి కట్టి తెచ్చిన్రు. దప్పికైతుందని ఏడుస్తడు, గిలాస సూపెడితె వొర్రుతడు. వాళ్లవ్వ కొంగు తడిపి నోట్లె పిండవోతె ఆమెనే కరువనొచ్చిండు. మూడొద్దులు. మొదలైనంక దానికి మందే లేదు. డాక్టరమ్మ బైటికి పోయి గోడకు ఒరిగి ఏడ్చింది. మొదలు గాకముందే సూదులు పడాలె, గదొక్కటే తొవ్వ. నాకు ఆ తొవ్వల ఐదొద్దులు నువ్వు తిన్నవ్."

"అట్లనకు."

"పగటి రైలున్నది పెద్దపల్లిల. ఇప్పుడు బండి కడితె అందుతది. నేను పోతున్న."

"రెండొద్దులు. ఒక్క రెండొద్దులు ఆగు. నీ కాళ్లు మొక్కుత."

"మొక్కకు. నీ కుక్క కరిసిన కాలే అది. లే. బాలవ్వను మా దవాఖానకు తోల్కపో. నాకు పని నేర్పినామెనే ఆడున్నది."

"కిరస్తానం దవాఖానల కాన్పా? నలుగురు ఏమంటరు?"

"ఇన్నేండ్ల సంది మీ వాడ పిల్లలను వట్టిన ఈ చేతులు ఏం చేతులు? నలుగురికి భయపడేటోనివి కుక్కను ఇడిసినప్పుడు ఎందుకు పడలే?"

"నిజమే. నీ మాట నిజమే. గని ఇప్పుడు నన్ను ఏం జెయ్యమంటవ్... అగో, అనసూర్య వస్తున్నది. ఆమె ముందట ఈ ముచ్చట ఎత్తకు."

"ఆమెకెర్క లేదా?"

"మోతి సచ్చుడెర్క. ఎవ్వల ముందట అననని ఒట్టేపిచ్చుకున్న. నీకు తెలిసిందని ఆమెకు తెలిస్తె ఆగమైతది. బిడ్డ ముందట అద్దు."

"అనసూర్యా. బాలవ్వా, పైలం బిడ్డా, చుట్టు తిరిగి రా. వంగకు. ఏందే, బాయికి పోయిన్రట, కడువల చుక్క నీళ్లు లేవు?"

"నీళ్లకు పోలే సమ్మక్కా."

"మరెందుకు పోయిన్రు?"

"బాలవ్వా, నువ్వు గద్దె మీద కూసో. సమ్మక్కా, ఆ కుక్క నీ తానకు ఎట్లొచ్చింది?"

"పడుగు కిందికెల్లి వచ్చింది."

"అయితె తెలిసింది నీకు."

"తెలిసిందే అనసూర్యా, తెలిసింది. పగటి రైలుకు పట్నం పోత అంటున్నది. నువ్వన్న చెప్పు. ఆడిదానివి, నీ మాట ఇంటది. కాన్పు దాంక ఆగుమను."

"ఆగద్దు."

"ఏంది?"

"ఆగద్దు అంటున్న. సమ్మక్కా, నువ్వు ఇయ్యాలనే పో. పొయ్యేటప్పుడు బాలవ్వను నీ ఎంట తోల్కపో."

"మతి ఉన్నదా నీకు? నెలలు నిండిన పిల్లను రైలెక్కిస్తవా? తొవ్వల నొప్పులు లేస్తె?"

"లేస్తె పక్కన సమ్మక్కనే ఉంటది. నువ్వు కోరింది గదే గదా."

"పట్నంల ఏమున్నది బాలవ్వకు? ఆమెకేమైందని?"

"మోతి ముచ్చట ఎవ్వలకు చెప్పద్దని నా తల మీద చెయ్యి వెట్టించి ఒట్టేపిచ్చినవ్. ఎవ్వలకు చెప్పలే. నీకు సుత చెప్పలే."

"నాకేం చెప్పలే?"

"సచ్చే ముందటి పొద్దు మోతికి గంజి పోసిందెవ్వలు?"

"బాలవ్వ. రోజు బాలవ్వనే గదా పోసేది."

"అనసూర్యా, పిల్ల చేతి గుడ్డ ఇప్పు."

"కదురు గీరిందంటివి గదా. ఏమే. నాతోని కదురు అంటివి గదా."

"సమ్మక్కకు నువ్వు ఒక్కనాడే ఏడు బాయిలు చూపిచ్చినవ్. నేను ఎవ్వలకు అనుమానం రావద్దని పొద్దుకొక్కటి చూపిచ్చిన. బాలవ్వకు ఇయ్యాల ఏడో బాయి."